స్టెల్లక్క పిడికెడు బియ్యం

మా సంఘంలో స్టెల్లక్కకు భయపడని మనిషి లేడు, పాస్టరుగారితో సహా. బంగారుపాళ్యం పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ ఉన్నన్నాళ్లూ కాయలు కోస్తుంది. సీజన్ అయిపోతే కలుపు తీయడమో, పెళ్లిళ్లకు వంట చేయడమో, ఏది దొరికితే అది. మొగుడు పోయి చాలాకాలమైంది. కూతురు ప్రశాంతి పెళ్లయి పూతలపట్టులో ఉంటుంది. ఉన్నది ఒంటిగది ఇల్లు. కానీ మా పేటలో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా ముందుగా తెలిసేది స్టెల్లక్కకే.

మాకొక పద్ధతుంది. అన్నానికి బియ్యం కొలిచాక ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. అది దేవుడి పిడికెడు. నెలాఖరున స్టెల్లక్క గోనెసంచి తీసుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేస్తుంది. కొంత కష్టంలో ఉన్న ఇళ్లకు పోతుంది, కొంత క్రిస్మస్ రోజు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు దాస్తారు. డబ్బా తేలిగ్గా ఉందంటే ఎంత పెద్దింటి వాళ్లనైనా గుమ్మంలోనే నిలదీస్తుంది.

"ఏమప్పా ప్రసాదూ, ఈ నెలంతా మీ ఇంట్లో ఉపవాసమా?" అని నన్నూ ఒకసారి అడిగింది, వీధంతా వినేట్టు. ఆ రోజు నుంచి మా ఆవిడ రెండు పిడికిళ్లు వేస్తోంది.

కోమలి స్టెల్లక్కతో పాటు అదే ఫ్యాక్టరీలో, అదే బల్ల దగ్గర కాయలు కోసే పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. పోయినేడు ఆమె మొగుడు పాల్ మామిడికాయల క్రేట్లు ఎక్కిస్తూ లారీ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మంచానికే అతుక్కుపోయాడు. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో, కష్టంలో ఉన్నవాళ్లను పేరుపేరునా పిలిచి అందరి ముందూ బియ్యం ఇవ్వాలని సంఘపెద్ద ధనుంజయ మామ పట్టుబట్టాడు. "సంఘం ఇస్తా ఉండాదని సంఘానికి తెలియద్దా?" అన్నాడు. గోరంత ఇచ్చి కొండంత చాటుకోవడమంటే మామకు మహా ఇష్టం. స్టెల్లక్క కూడా సరేనంది. మైకు పట్టుకున్నది కూడా ఆమే. నిజానికి ఆమె గొంతుకు మైకు దండగ.

"కోమలీ, రా మే! దేవుడిచ్చినాడు, తీసుకో."

కోమలి వచ్చింది, సంచి తీసుకుంది, తల వంచుకుని పోయింది. ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు.

మైకే కారణమని మేమంతా అనుకున్నాం. స్టెల్లక్క ధనుంజయ మామతో పోట్లాడి, ఇకమీదట ఎవరి పేరూ చదివేది లేదని ఒప్పించింది. కోమలి రాలేదు. ఫ్యాక్టరీలో పక్కపక్కనే నిలబడినా పని మాట తప్ప వేరే మాట లేదు. పాల్ కర్ర సాయంతో లేచి తిరుగుతున్నాడు, అతనూ రాలేదు. "మనిషిని పోగొట్టుకుని బియ్యం ఇచ్చినామప్పా" అని స్టెల్లక్క నా దగ్గర ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుందో. ఈ క్రిస్మస్‌కు కోమలి విందుకు రాకపోతే వచ్చే ఏడు సంచి ముట్టనని కూడా అంది. ఆమె అన్నంత పనీ చేస్తుంది. అందుకే నాకు భయం వేసింది.

ఈ డిసెంబరులో విందు బియ్యం కోసం తిరిగేటప్పుడు సంచి బరువని నా బండి అడిగింది. ఇళ్ల ముందు నక్షత్రాలు వేలాడుతున్నాయి. ఇల్లిల్లూ ఆగుతూ, తిడుతూ, నవ్విస్తూ వస్తున్న మనిషి కోమలి ఇల్లు రాగానే తల తిప్పుకుని గబగబా ముందుకు నడిచింది.

"ఆగవాక్కా?" అన్నాను.

"పాపం, వాళ్లకే లేదు. ఆడేం అడగతాం? పాల్ పడిన కాన్నుంచి ఆ ఇంట్లో అడగడం మానేసినా" అంది.

మాట పూర్తి కాలేదు, కోమలి తలుపు తీసుకుని బయటికొచ్చింది.

"అక్కా! నెలనెలా నా ఇంటి ముందర్నే పోతా ఉండావు. ఒక్కసారన్నా నిలబడినావా?"

"అది కాదు మే... నీ కష్టం తెలిసి..."

"మైకులో పిలిస్తే సిగ్గేసింది, నిజమే. అది నాలుగు దినాలకు పోయింది. నా గడప దాటిపోయినావు సూడు, అది పోలేదు. ఈ పక్కింట్లో అడగతావు, ఆ పక్కింట్లో అడగతావు. మా ఇంట్లో పొయ్యి ఆరిపోయిందా? మేము సంఘంలో లేమా?"

స్టెల్లక్క వెనక్కి నడిచి ఆ గడప ముందర నిలబడింది.

కోమలి లోపలికి పోయి పెద్ద రేకు డబ్బా ఒకటి చంకనెత్తుకుని తెచ్చింది. మూత తీస్తే అంచుదాకా బియ్యం. స్టోరులో ఇచ్చే రేషన్ బియ్యం, లావు గింజ. పురుగు పట్టకుండా వేపాకు కూడా వేసింది.

"ఆయన మంచంలో ఉన్నప్పుడు కూడా పిడికెడు తియ్యకుండా వండలేదక్కా. ఎవురూ రాకపోతిరి. పారబొయ్యలేక, తినలేక పెట్టుకోనుండా."

స్టెల్లక్క రోడ్డు మీదే చతికిలబడి సంచి మూతి రెండు చేతులా తెరిచి పట్టుకుంది.

"సంచిలో పొయ్యి మే. తిట్టు, పొయ్యి. ఇచ్చేది నేర్చుకున్నా గానీ అడిగేది నేర్చుకోలేదు నేను."

కోమలి తిట్టలేదు. పక్కనే కూర్చుని పోసింది. వేపాకులు ఏరేటప్పుడు ఇద్దరూ ఏడుస్తూనే ఏదో ఫ్యాక్టరీ సంగతి మొదలుపెట్టారు. అది ఎంతకీ తెగలేదు. నేను బండి స్టాండు వేసి అరుగు మీద కూర్చున్నాను.

క్రిస్మస్ రోజు చర్చి వెనక పందిట్లో విందు. పాల్ పిల్లలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని తింటున్నాడు. కోమలి కొంగు బిగించి అన్నం వడ్డిస్తోంది. సన్నబియ్యం, లావుబియ్యం, అందరి బియ్యం ఒకే అండాలో పడ్డాయి కాబట్టి ఒక మెతుకు మెత్తగా, ఒక మెతుకు బిరుసుగా ఉంది. ధనుంజయ మామ నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"ఏందిమే ఇది, ఈడీడ పలుకు తగల్తా ఉండాది?"

కోమలి అతని విస్తట్లోకి ఇంకో గరిటె వంచి, పందిరంతా వినబడేట్టు చెప్పింది.

"అది మా ఇంటి బియ్యం మామా. బాగా నమిలి తిను."