డెల్ చూడమన్న కుట్టు

మనవరాలు వయొలిన్ కమానుకు రోజిన్ అనే జిగురు ముద్ద రుద్దుతుంటే, ఆ వాసనకు డెల్ గుర్తొచ్చారు. సర్కస్‌లో ట్రపీజ్ ఊయల మీద ఊగేవాళ్లు పట్టు జారకుండా చేతులకు దాని పొడే రాసుకునేవారు. వయసులో ఆయన నాకు తండ్రిలాంటివారు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, మొదటి ఆరు నెలలూ "సర్" అంటూనే గడిపాను.

డెబ్బైల చివర్లో, న్యూజెర్సీలో ఒక సర్కస్ వాళ్ల దుస్తులు కుట్టే గదిలో నాకు ఉద్యోగం దొరికింది. కుట్టినవాటిని సరిచూసే పని డెల్‌ది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ ఆయన ఆడవేషంతో ట్రపీజ్ మీద ఊగిన పేరుమోసిన కళాకారుడు. ఆట చివర విగ్గు తీసి, తాను మగవాడినని చూపిస్తే పారిస్‌లో జనం లేచి నిలబడేవారట. నేను చూసేనాటికి ఆయన మెడ తిరగదు, భుజాలు లేవవు. నడక మాత్రం నాకన్నా నాజూకు. మావారికి చెబితే ఒకటే నవ్వు.

"ఆడవేషం వేసినాయన దగ్గర నువ్వు కుట్టుపని నేర్చుకుంటున్నావా? బాగుందోయ్!"

నాకు ఒళ్లు మండింది. "ఆయన కుట్టు చూస్తే మీ నోరు మూతపడుతుంది" అన్నాను.

ఒకసారి డెల్‌నే అడిగాను, విగ్గు తీసేటప్పుడు భయం వేసేది కాదా అని. "ప్రతిసారీ వేసేది. పైన ఊగడం కన్నా అదే కష్టం" అన్నారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ ఏడాది లిండా అనే ఇరవయ్యేళ్ల అమ్మాయి ట్రపీజ్‌కు కొత్తగా చేరింది. ఆమె దుస్తులకు కుట్టు పక్కన గుడ్డ మిగల్చవద్దని డెల్ మరీమరీ చెప్పారు. మన జాకెట్లకైతే, లావైతే విప్పుకోవచ్చని లోపల రెండువేళ్ల గుడ్డ వదులుతాం. కత్తిరించడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఈయనకేం తెలుసులే అనుకుని చంకల్లో మడిచి కుట్టేశాను. ఆ రోజు తొందరలో డెల్ కూడా పైపైన చూసి సరేనన్నారు.

ప్రాక్టీస్‌లో లిండా చెయ్యి చాచింది. మడత చంకలో పట్టేసింది. ఊయల కడ్డీ అందక వలలో పడింది. దెబ్బ తగల్లేదు గానీ మేనేజర్ మండిపడ్డాడు. "ఈ పిల్లకు భయం. ఇంటికి పంపించెయ్యండి!" చెయ్యి ఎందుకు ఆగిపోయిందో తెలియదని లిండా ఏడుస్తోంది. నాకు తెలుసు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, మళ్లీ అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా కిటికీ దగ్గర కూర్చోవాలి. డెల్ మనిషి మొత్తం నా వైపు తిరిగారు.

"తప్పు నాది. మీరు వద్దన్నా లోపల గుడ్డ వదిలాను" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాను.

మేనేజర్ ఏదో అనబోయాడు. "సగం తప్పు నాది. సరిగ్గా చూడకుండా సరేనన్నాను" అని డెల్ నా చేతిలో కత్తెర పెట్టారు. "కత్తిరించి కుట్టు. ఆ అమ్మాయి కాచుకుని ఉంది."

మడత కత్తిరించి కుట్టాను. లిండా మళ్లీ పైకెక్కింది. నేను కళ్లు మూసుకున్నాను.

"కళ్లు తెరువు. నీ కుట్టు వేసుకుని ఎగురుతోంది. ముందు చూడాల్సింది నువ్వే" అన్నారు డెల్.

చూశాను. ఈసారి చెయ్యి కడ్డీకి అందింది. అమ్మయ్య అనుకున్నాను.

డెల్ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు న్యూజెర్సీలోనే, పార్సిప్పనీ ఊళ్లో పెళ్లికూతుళ్లకు జాకెట్లు కుడుతున్నాను. వేసుకున్నాక చేతులు పైకెత్తమంటాను. "ఏంటాంటీ, ఎయిర్‌పోర్ట్‌లో చెక్ చేసినట్టు!" అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. రెండు చేతులూ పూర్తిగా పైకి లేచేదాకా నేను చూపు తిప్పను.