ఎవరూ వేయని ముడి

ల్యాబులో అతన్ని అందరూ స్వెట్టర్ అంటారు. ఎండలు మండిపోయే రోజుల్లో కూడా మోచేతుల దగ్గర దారాలు లేచిన బూడిదరంగు స్వెట్టర్ వేసుకుని తిరుగుతాడు మరి. అతని పనంతా శీతలగదిలో. గాజు గొట్టంలోంచి బొట్టు బొట్టుగా దిగే ప్రోటీన్‌ని పట్టుకుని, పాడవకుండా దాచాలి.

"తినే ప్రోటీన్‌కి ఫ్రిజ్‌లో కూర్చుని కాపలా కాయడం కూడా ఒక ఉద్యోగమేనట్రా?" అని అతని తల్లి మొదట్లో ఏడిపించేది.

"పూసల దండ లాంటిదమ్మా అది. పుట్టగానే దానంతటదే మడతలు పడి ఒక ఆకారానికొస్తుంది. ఆకారం వస్తేనే పనికొస్తుంది. కొన్ని దండలైతే మడత పడుతూనే ముడి కూడా వేసుకుంటాయి. ఒక కొస వెళ్ళి వలయంలో దూరుతుంది."

"కళ్ళు లేవు, చేతులు లేవు. ఎలా దూరుతుందిరా?"

"అది తెలీకే కదా నాకు జీతమిస్తున్నారు!"

అతని భార్య కడుపు పట్టుకుని మరీ నవ్వింది. అప్పటికి ఆమెకు ఏడో నెల.

ఆ వారంలోనే ఆమె చిన్నగదిలో స్టూలెక్కి, ఉతకడానికి కర్టెన్లు తీస్తుంటే, వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "అమ్మాయ్, చేతులు పైకెత్తకు! బొడ్డుతాడు మెలిపడుతుందంటారు."

"మీ అబ్బాయి వింటే మీకు పాఠం మొదలుపెడతారు అత్తయ్యా," అంటూ ఆమె కర్టెన్లు దింపేసింది.

నెలలు నిండకముందే పాప కడుపులో కదలడం మానేసింది. డాక్టరమ్మ అతన్ని వరండాలోకి పిలిచి మెల్లిగా చెప్పింది. "బొడ్డుతాడుకి ముడి పడింది. పాప లోపల తిరిగేటప్పుడు తాడు వలయంలోంచి దూరి అవతలికి వచ్చేసింది. ఆ ముడి చివర్లో బిగుసుకుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు."

ఎలాంటి ముడి అని అడగబోయి అతను నాలిక కరుచుకున్నాడు. ఆ ప్రశ్న నోటిదాకా వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ తర్వాత అత్తగారు ఒక్క మాటా అనలేదు. కానీ కోడలు చేతులెత్తడం మానేసింది. పై అరలో డబ్బా కావాలంటే భర్త వచ్చేదాకా ఆగేది. జడ వేసుకోవాలంటే తల మోకాళ్ళ మీదికి వంచుకునేది. ఉతికిన కర్టెన్లు అలమరలో మడత విప్పకుండా ఉండిపోయాయి. చిన్నగదిలో మధ్యాహ్నమంతా ఎండ పడేది.

"డాక్టరమ్మ చెప్పింది కదా," అనేవాడతను.

"ఆవిడ అందరికీ అలాగే చెబుతుంది లెండి."

డాక్టరమ్మ మాటకు ఏదైనా రుజువు దొరికితే బాగుండునని అతను శీతలగదిలో నిలబడి అనుకునేవాడు. అక్కడ కూడా పని అడ్డం తిరిగి కూర్చుంది. ల్యాబు నడిపే మేడమ్ ఏళ్ళ తరబడి ప్రోటీన్‌ని చిక్కటి యూరియాలో వేసి ఆకారం పోగొట్టి, యూరియా కడిగేశాక అది మళ్ళీ ముడి వేసుకుంటోందని నమ్మింది. తీరా చూస్తే, యూరియాలో మడతలన్నీ విడిపోయాయి గానీ ముడి మాత్రం విడిపోనే లేదు. ఉన్న ముడినే ఇన్నాళ్ళూ మళ్ళీ పడ్డ ముడి అనుకున్నారు.

"పెళ్ళయినవాడికి మళ్ళీ మళ్ళీ పెళ్ళి చూపులు చేశాం అన్నా," అంది అక్కడ పరిశోధన చేసే పొడుగమ్మాయి. మేడమ్ తప్ప అందరూ నవ్వారు.

అందుకని ఈసారి అప్పుడే తయారైన దండని, ఇంతవరకూ మడతన్నది ఎరగనిదాన్ని, పరీక్ష గొట్టంలోనే పుట్టించి చూశారు. అది ఆగి ఆగి, చాలా ఆలస్యంగా మడత పడింది. పడ్డాక కొసలు పట్టి చూస్తే ముడి ఉంది. ఎవరూ వేయలేదు. ఊరికే అటూ ఇటూ ఊగుతూ ఊగుతూ దానంతటదే దూరింది.

అతను స్వెట్టర్ విప్పడం కూడా మర్చిపోయి, అలాగే మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికొచ్చాడు.

చెమటలు కక్కుతూనే వంటింట్లోంచి ఖాళీ ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, అందులో పొడుగాటి మెత్తటి దారం వేసి, మూత బిగించి గడగడా ఊపాడు.

"ఏం మోతరా అది? పిచ్చిగానీ పట్టిందా?" అంటూ తల్లి వచ్చింది. భార్య తలుపు దగ్గరే నిలబడింది.

మూత తీశాడు. ముడి లేదు. మళ్ళీ ఊపాడు. అప్పుడూ లేదు. మూడోసారి తీసి దారం కొసలు లాగితే, మధ్యలో చిన్న ముడి బిగుసుకుంది.

"చూశావా? చెయ్యి పెట్టానా? పొడుగ్గా ఉండి, కదలడానికి చోటుంటే చాలు, ఎప్పుడో ఒకసారి పడుతుంది. నువ్వు చేతులెత్తినా పడుతుంది, మంచం మీంచి దిగకపోయినా పడుతుంది."

తల్లి ఆ దారం చేతిలోకి తీసుకుంది. "వీడి నిక్కరు బొందు రోజూ ఇలాగే ముడి పడేదమ్మా. పళ్ళతో విప్పేదాన్ని," అంది. "ఆ రోజు నేనేదో, అందరూ అంటారని ఒక మాట అన్నాను. నా నోరు పడిపోను."

"మిమ్మల్నెప్పుడైనా ఏమన్నా అన్నానా అత్తయ్యా?"

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. దారం అందుకుని ముడిని వేలితో తడిమింది. తను గెలిచాననే అనుకున్నాడతను.

"అయితే నా తప్పు కాదు," అంది.

"కాదు."

"నా తప్పయితే, మళ్ళీ కడుపు పండినప్పుడు చేతులెత్తకుండా ఉండేదాన్ని. అంతేగా అనుకుని రోజులు నెట్టుకొస్తున్నానండీ. ఎవరి తప్పూ కాకపోతే, ఈసారి నేనేం చెయ్యకుండా ఉండాలి?"

మళ్ళీ ఇలా జరగడం చాలా అరుదని అతను చెప్పొచ్చు. మొదటిసారి కూడా అరుదే.

"నా దగ్గర ఉన్నది అదొక్కటే," అందామె. "అదీ తీసేసుకున్నారు."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

భార్య లేచి, అలమరలోంచి కర్టెన్లు తీసి చిన్నగదిలోకి నడిచింది. అతను స్టూలు తెచ్చి వేశాడు. ఆమె ఎక్కింది. చేతులు రెండూ పైకెత్తి, కర్టెన్ రాడ్‌ని పట్టుకుని, ఏమీ తగిలించకుండా అలాగే నిలబడింది.

"చేతులెత్తాను," అంది గోడవైపు చూస్తూ. "ఏం కాలేదు."

"ఏం కాదన్నానుగా."

"అదే. ఎత్తినా అంతే, ఎత్తకపోయినా అంతే."

ఆ తర్వాత ఒక్కొక్క రింగే తొడగడం మొదలుపెట్టింది. స్టూలు కదలడం లేదు. అయినా అతను కింద కూర్చుని దాని కాళ్ళు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు, కర్టెన్ చివరిదాకా వచ్చి గదిలో ఎండ పోయేవరకూ.