పట్టాలో లేని పేరు

బకింగ్‌హాం కాలువ పక్కనున్న ఆ పాలెంలో పదిహేడు ఇళ్లు. అందరూ ఉప్పు కొటార్లలో కూలికి పోయేవాళ్లే, ఆదివారం తాటాకుల ప్రార్థనశాలలో కూర్చునేవాళ్లే. ఒక్కరికీ గజం నేల లేదు. 1961 వేసవిలో కాలువ అవతలి బంజరు పంచుతున్నారని తెలిసి పాలెమంతా ఊగిపోయింది. ఇంటికి రెండెకరాలు! ఇసక నేలే అయినా నాలుగు మూరలు తవ్వితే మంచినీళ్లు పడతాయి, వేరుశనగ పండుతుంది.

అయితే ఆ భూమి హరిజనులకు. కిరస్తానీలు ఆ లెక్కలోకి రారని కరణం రంగనాయకులు ముందే చెప్పాడు. ఆయన చెడ్డవాడు కాదు. దారీ ఆయనే చూపించాడు.

"మీ పాత పేర్లు చెప్పండి. మతమేందంటే హిందువులమనండి. మీ ప్రార్థనలకు నేనేం అడ్డం రాను."

క్రీస్తుదాసు పోలేరయ్య అయ్యాడు. సమాధానం ముత్యాలయ్య అయ్యాడు. వరసగా పదహారు వేలిముద్రలు పడ్డాయి. చివరికి క్రీస్తుదాసు అక్క ఆనందకుమారి వంతు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఇంట్లో ఒంటరిది.

"పెంచలమ్మే గదా నీ పేరు?" అన్నాడు కరణం.

"చిన్నప్పుడయ్యా. ఇప్పుడు ఆనందకుమారి."

"అది నాకు తెలుసులేమ్మే. కాగితానికి పెంచలమ్మ."

ఆమెకు పదేళ్లప్పుడు ఆ కాలువలోనే బాప్తిస్మం ఇచ్చి ఆనందకుమారి అని పేరు పెట్టారు. కానీ అది నిజంగా తన పేరైంది ఇరవై మూడో ఏట. కలరా వచ్చి ఒకే వారంలో మొగుణ్ణీ, ఉయ్యాల్లో బిడ్డనీ తీసుకుపోయింది. రోగం భయానికి ఆ గడప దగ్గరికి ఎవరూ రాలేదు. ఆ రోజుల్లో ఎవరో "ఆనందకుమారీ" అని మెల్లగా పిలిచినట్టుండేది. ఆ పిలుపు పట్టుకునే ఆమె లేచి పొయ్యి వెలిగించుకుంది. ఇదంతా కరణానికి ఎట్లా చెప్పాలి?

"ప్రభువు నన్ను ఆ పేరుతోనే ఎరుగునయ్యా. కాదని వేలిముద్ర ఎట్ట వేసేది?"

క్రీస్తుదాసు ఆమెను పక్కకు లాక్కుపోయాడు. "అక్కా, నేనూ నమ్మినోడినే. దేవుడు కాగితాలు చూస్తాడా? నీకు ముందూ వెనకా ఎవురుండారు? రేపు కాళ్లూ చేతులూ ఆడకపోతే ఏం తింటావు?"

"నువ్వు చేసింది తప్పని నేననలేదబ్బయ్యా. నాకు నోరు రాలేదు, అంతే."

కరణం పొద్దుగూకేదాకా కూర్చుని, కాగితాలు మడుచుకుని వెళ్లిపోయాడు.

మరుసటేడు పట్టాలు వచ్చాయి. ఒక్కో కుటుంబం గుడిసె విప్పుకుని కాలువ దాటింది. ప్రార్థనశాల కూడా దాటింది. వదిలేసిన మట్టిగోడలు వానలకు కరిగి దిబ్బలయ్యాయి. మధ్యలో ఆనందకుమారి గుడిసె ఒక్కటే మిగిలింది.

ఆశ లేదని కాదు. వేరుశనగ పీకేటప్పుడు తమ్ముడి చేలోకి కూలికి వెళ్లేది. మొక్క లాగితే గుత్తులు గుత్తులుగా కాయ వచ్చేది. ఒక్కోసారి ఆ గుత్తి చేతిలో పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడిపోయేది. తరవాత మట్టి దులిపి ఇంకో సాలులోకి జరిగేది.

ఆదివారాలు అంతకంటే కష్టంగా ఉండేవి. భుజాలు రాసుకుంటూ కూర్చున్న ఆడవాళ్లే ఇప్పుడు ఆమె పక్కన చోటు వదిలేస్తున్నారు. ఒకరోజు తమ్ముడి భార్య మస్తానమ్మని అడిగేసింది.

"నామీద కోపమా మస్తానమ్మా?"

"కోపం కాదొదినా. నువ్వు పక్కన కూచుంటే నాకు పాట గొంతులోంచి రాదు."

"నేనేమన్నా అన్నానా?"

"అనవు. అంటే బాగుండు."

అప్పట్నుంచి ఆమె వాకిలి దగ్గరే కూర్చునేది. ఆమెన్ అనగానే అందరికంటే ముందు లేచి కాలువ దాటేది.

1967కి ఉప్పునీళ్లలో నానిన కాళ్లు పుండ్లు పడి కొటారుకు పోలేకపోయింది. క్రీస్తుదాసు వచ్చాడు. "మా ఇంటికి రా అక్కా. నీకు వేరే కొట్టం వేస్తాను."

"నీ అన్నం నాకు చేదు కాదురా. కానీ నేనొస్తే మస్తానమ్మ ఇంట్లో కూడా పాడుకోలేకపోతుంది. ఉండనీ."

అతను తెచ్చిన అరబస్తా వేరుశనగ కాయలు గోడకు ఆనించి, కళ్లు తుడుచుకుని వెళ్లాడు. ఆమె వద్దనలేదు.

తాటాకు బుట్టలల్లి పొట్ట పోసుకుంది. వారానికొకసారి బుట్టలు కొనేవాడు తప్ప ఆ దిబ్బల మధ్యకు వచ్చేవాళ్లు లేరు. సందెవేళ ప్రార్థన మాత్రం గట్టిగా చేసేది. దేవుడికి మనసులో చెప్పినా వినపడుతుందని ఆమెకు తెలుసు. అయినా పైకి చెప్పేది ఆ పాలెంలో ఒక మనిషి గొంతు వినిపిస్తూ ఉండాలని.