తెరకు వీపు పెట్టి కూర్చున్న మనిషి

మొన్న ఆదివారం హిందూపురంలో మార్నింగ్ షోకి వెళ్లాను. దయ్యం సినిమా. ఇంటర్వెల్‌కి కాస్త ముందు బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంది. హాలంతా ఒక్కసారి కెవ్వుమంది. ఆ కేక ఇంకా చెవుల్లో ఉండగానే వెనక వరసల్లోంచి నవ్వులు లేచాయి. 'నువ్వే ముందు అరిచినావు' అని ఒకరి భుజం ఒకరు కొట్టుకుంటూ సీట్లు కిర్రుమనేలా నవ్వుతున్నారు. కేక, దాని వెంటే నవ్వు. ఆ రెండూ అలా వెంటవెంటనే వినపడితే చాలు, నాకు ఓబులేసు చిన్నాయన గుర్తొస్తాడు. గుర్తొస్తే సంతోషం కలగాలి, నాకేమో నోరంతా చేదవుతుంది. ఆ చేదు చాలామటుకు నా మీదే. కొంచెం ఆయన మీద కూడా. ఒక్కసారి నన్ను నిలబెట్టి తిట్టి ఉంటే నాకూ సుఖంగా ఉండేది, ఆయనకూ ఉండేది.

ఆయన మాకు చుట్టం కాదు. ధర్మవరంలో మా వీధివాడు, మా నాయన స్నేహితుడు, అందుకని చిన్నాయన. పట్టుచీరలకు డిజైన్లు గీయడం ఆయన పని. గ్రాఫ్ కాగితం మీద గడి తర్వాత గడి రంగు నింపుతూ ఒక్క కొంగుకే వారాల తరబడి కూర్చునేవాడు. డిగ్రీ అయ్యాక ఏ ఉద్యోగమూ దొరక్క ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్న నన్ను మా నాయన తీసుకెళ్లి ఆయన దగ్గర వదిలాడు. మూడేళ్లు ఆ కిటికీ పక్క బల్ల దగ్గర గడులు నింపాను. పని నేర్చుకున్నానని చెప్పలేను. నేను గీసిన ఒక్క పువ్వూ ఆయనకు నచ్చలేదు. 'ఇది పువ్వు కాదు పాపా, పువ్వు పాస్‌పోర్ట్ ఫోటో' అనేవాడు. నేను నేర్చుకున్నదల్లా సినిమా చూడడం.

చిన్నాయన దయ్యాల సినిమాలు తప్ప ఇంకేవీ చూసేవాడు కాదు. ఎందుకని అడిగితే, 'కండ్లనీళ్లు వచ్చినట్టు నటించొచ్చు, నవ్వినట్టూ నటించొచ్చు. భయపడినట్టు నటించు సూద్దాం' అనేవాడు. ప్రతి సినిమా రెండుసార్లు చూసేవాడు. మొదటిసారి అందరిలాగే. రెండోసారి ముందు వరసలో కూర్చుని, తెరకు వీపు పెట్టి, జనాన్ని చూసేవాడు. ఇది పిచ్చి అనుకోకండి, మా ఊరి పనిలోంచి వచ్చిన అలవాటే. మా దగ్గర కొన్ని చీరలు తిరగేసి నేస్తారు. నేసేవాడికి కనపడేది వెనక పక్క, అసలు అందం మగ్గం కిందికి ఉంటుంది. పువ్వు సరిగ్గా పడిందో లేదో తెలియాలంటే కింద అద్దం పట్టి చూసుకోవాలి. తెర మీద కనపడేది దారాలేననీ, సినిమా పడేది చూసేవాళ్ల మొహాల మీదేననీ చిన్నాయన లెక్క.

నన్ను మొదటిసారి తీసుకెళ్లింది మ్యాట్నీకి, ఆయనకు ఆ సినిమా రెండోసారి. వాళ్లావిడ రుక్కమ్మ చిన్నమ్మ కూడా వచ్చింది కానీ, మాకు నాలుగు వరసల వెనక కూర్చుంది. ఆయనతో కలిసి కూర్చోవడం ఎప్పుడో మానేసిందట, పరువు పోతుందని. సినిమా మొదలు కాగానే చిన్నాయన సీట్లో మోకాళ్ల మీద నిలబడి వెనక్కి తిరిగాడు. నన్నూ తిరగమన్నాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వెనకనుంచి ఎవరో కేకేశారు.

'ఏమప్పా, తెర ఆపక్క ఉండాది, నువ్వు యాడ సూస్తాండావు?'

'నా సినిమా ఈపక్కే ఉండాది లేప్పా. నువ్వు గమ్మున సూడు, నువ్వే హీరో' అన్నాడు చిన్నాయన.

హాలంతా నవ్వింది. పది నిమిషాల తర్వాత వాళ్లెవరికీ మేము గుర్తు లేము. తెర వెలుతురు పడి నీలంగా మారిన మూడొందల మొహాలు మా ఎదురుగా ఉన్నాయి. ఒళ్లో బిడ్డను పెట్టుకున్న ఒకామె, భయం వేసినప్పుడల్లా తన కళ్లు వదిలేసి బిడ్డ కళ్లు మూస్తోంది. ఆ బిడ్డ ఎప్పుడో నిద్రపోయింది. 'సూడు, ఆయమ్మ ఎవురి కోసం మూస్తాందో' అని చిన్నాయన గుసగుసగా అన్నాడు. ఆ రోజు తర్వాత నేను ఏ సినిమానూ మామూలుగా చూడలేకపోయాను.

ఆయనకు ఇష్టమైన దర్శకులు ఇద్దరు. పేర్లతో పిలిచేవాడు కాదు. ఒకాయన తలుపులాయన. ఆయన సినిమాల్లో భయమంతా తలుపు వెనకే ఉంటుంది, ఆ తలుపు ధడాలున తెరుచుకుంటుంది. రెండో ఆయన నీళ్లాయన. ఆయన తీసిన ఏ సినిమాలోనైనా ఎక్కడో ఒకచోట నీళ్లు ఊరికే ఉంటాయి. బిందెలో, తొట్టిలో, గచ్చు మీద. దయ్యం సరిగ్గా కనపడను కూడా కనపడదు. తలుపులాయన సినిమాకు జనం అరుస్తారు, అరిచినందుకు నవ్వుకుంటారు, బయటికొచ్చి పొగలు కక్కే మిరపకాయ బజ్జీలు తింటారు. నీళ్లాయన సినిమాకు ఒక్కరూ అరవరు. తాగుదామని ఎత్తిన నీళ్ల సీసాను నోటి దాకా తెచ్చి, తాగడం మరిచిపోయి అలాగే పట్టుకుని కూర్చున్న మనిషిని నేను చూశాను. ఆట వదిలాక ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా చెప్పులు వెతుక్కుంటారు.

నాకు నీళ్లాయన గొప్ప. చిన్నాయనకు తలుపులాయన గొప్ప. థియేటర్ ఎదురు టీ బంకు దగ్గర మూడేళ్లు ఇదే తగువు. తలుపులాయనది భయం కాదు, చక్కిలిగింత అనేదాన్ని నేను. ఒకరోజు చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టి కాస్త గట్టిగానే చెప్పాడు.

'సూడు పాపా. తలుపులాయప్ప అరిపిస్తాడు, ఎంటనే నవ్విస్తాడు, వచ్చినోళ్లను వచ్చినట్టే ఇండ్లకు పంపిస్తాడు. నీ నీళ్లాయప్ప మన ఎనకాలే ఇంటికొస్తాడు. ఇంట్లో బిందె ముట్టుకోవాలన్నా భయం ఏస్తాది. మనిషిని ఎత్తేది చేతనైతే సాలదు. దించేది గూడా చేతనవ్వాల.'

'దించితే ఇంకేం భయం చిన్నాయనా?'

'నీకింగా వయసు కాలేదు లే' అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

తర్వాత హిందూపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. సెలవు రోజుల్లో సినిమాల గురించి ఫోన్‌లో వీడియోలు చేసి పెట్టేదాన్ని. ఆరేడు చేశాను, ఎవరూ చూడలేదు. అప్పుడు ఆ ఇద్దరు దర్శకులనూ పోలుస్తూ ఒకటి చేశాను. మొదటిసారి రికార్డు చేసినప్పుడు 'మా చిన్నాయన చెప్పేవాడు' అనే మొదలుపెట్టాను. నమ్మండి, నమ్మకపోండి, అది నిజం. విని చూసుకుంటే అవ్వ చెప్పే కథలా అనిపించింది. రెండోసారి 'మా చిన్నాయన' అన్న ప్రతిచోటా 'నేను' అన్నాను. ఒక్కసారిగా మాటకు బలం వచ్చింది. 'నేను తెరకు వీపు పెట్టి కూర్చుంటాను. నేను మొహాలు చూస్తాను.' చివరికి తీర్పు కూడా ఆయనదే చెప్పాను. మూడేళ్లు ఆయనతో పోట్లాడి కాదన్న తీర్పు. ఎత్తడం కాదు, దించడం తెలియాలని, తలుపులాయనే గొప్పవాడని. ఆ మాటకే జనం ఎక్కువ మెచ్చుకున్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, పీక్కుని పోయాను.

ఆ వీడియో పేరు మీదే పెనుకొండలో ఒక కాలేజీవాళ్లు నన్ను మాట్లాడడానికి పిలిచారు. ఉదయం పది గంటలకు సభ. చిన్నాయనకు నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో, ఇస్త్రీ చొక్కా వేసుకుని ధర్మవరం నుంచి బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేను మైకు అందుకోగానే ఆయన లేచి, తన ప్లాస్టిక్ కుర్చీని వెనక్కి తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పిల్లలు నవ్వారు. ఆయన కదల్లేదు. నలభై నిమిషాలు ఆయన మాటలు ఆయన వీపుకే చెప్పాను.

ప్రశ్నల దగ్గర వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి నవ్వుతూ అడిగాడు. 'మేడమ్, ఈ పెద్దాయన కూడా మీ మాదిరే కూర్చుండాడు. మీ వీడియో సూసి నేర్చుకుండాడా?'

హాలంతా మళ్లీ నవ్వింది. అప్పుడు చెప్పొచ్చు. ఒక్క మాట. 'నేనే ఆయన్ను చూసి నేర్చుకున్నాను' అంటే నా సొమ్మేమీ పోయేది కాదు. నేను తేలు కుట్టిన దొంగలా అసలు మాట మింగేసి, 'అవును, చూసినట్టున్నారు' అన్నాను. పైగా నవ్వాను. ఆ వీపు కదులుతుందేమోనని చూశాను. కదల్లేదు.

సభ అయ్యాక మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. క్షమాపణ చెబుదామని నోరు తెరిచేలోపే ఆయనే మాట్లాడాడు.

'బాగ చెప్పినావు పాపా. మూడో వరసలో ఒక పిల్ల నోరు తెరుచుకుని వింటా ఉండె. ఆ పిల్లకు అర్థమయ్యింది.'

'చిన్నాయనా, ఆ పిల్లోడు అడిగినప్పుడు...'

'వింటి' అన్నాడు. 'తిరుగుదామనుకుంటి. తిరిగితే నీ మొగం అగుపడుతాది గదా. అబ్బుడు ఎట్లుండెనో ఆ మొగం, ఎందుకులే సూసేదని తిరగలే.'

అంతే. కోపం లేదు, గొంతు పెంచలేదు. ధర్మవరం బస్సు యాడ నిలబడుతాదని ఎవరినో అడిగి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు. ఎన్ని మొహాల్లో ఎన్ని భయాలు చూసిన మనిషి! నా మొహం చూడడానికి జంకాడు.

తర్వాత నాలుగైదుసార్లు ధర్మవరం వెళ్లాను. ప్రతిసారీ టీ ఇచ్చేవాడు, స్కూలు ఎలా ఉందని అడిగేవాడు, మా నాయన మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడేవాడు. డిజైన్లు కంప్యూటర్ మీదికి వెళ్లిపోయాయి, కిటికీ పక్క బల్ల మీద బట్టలు మడతపెట్టి ఉండేవి. నేను కావాలనే కొత్త దయ్యం సినిమా ఊసు ఎత్తేదాన్ని, తగువు పడతాడేమోనని ఆశ. 'సినిమాలు సూసేది ఇడిసిపెడ్తి పాపా' అని మాట మార్చేవాడు. నిజంగానే మానేశాడా, నాతో మాట్లాడడం మానేశాడా, నాకు తెలియలేదు. నేనూ అసలు మాట ఎత్తలేదు. వెళ్లిన ప్రతిసారీ ఈసారి చెబుదాం అనుకోవడం, టీ తాగి రావడం. ఆయన పోయేదాకా అలాగే నడిచింది.

పెద్దకర్మ నాడు రుక్కమ్మ చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచి కూర్చోబెట్టుకుంది. ఆమెకు ఏమీ తెలియదు. మంచి మాట చెప్పి నన్ను ఓదార్చాలనుకుంది.

'మీ చిన్నాయనకు నువ్వంటే ఎంత గర్వమనుకుంటివి! నీ ఈడియో వచ్చినపుడు ఈదిలో ఇల్లిల్లూ తిరిగి అందరికీ సూపిచ్చె. ఫోను వాళ్ల చేతికిచ్చి, ఎదురుగా కూసోని వాళ్ల మొగాలు సూస్తా, "ఉండండి, ఇంగ నా పేరు చెప్తాది, ఇబ్బుడు చెప్తాది" అనేవాడు. అయిపోయినాక, "ఇది మొదటి భాగం, రెండోదాంట్లో చెప్తాది" అనేవాడు. రెండోది చేసినావా పాపా?'

నేను చేయలేదని చెప్పాను. ఆ వారమే చేశాను. తెరకు వీపు పెట్టి కూర్చున్నది నేను కాదని, ఓబులేసు అనే చీరల డిజైనర్ అని, ఆ మాటలన్నీ ఆయనవేనని మొదటి నిమిషంలోనే చెప్పాను. పెనుకొండలో నేను చెప్పిన అబద్ధం కూడా దాచకుండా చెప్పాను. జనం తిడతారనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. తిట్టలేదు. గురువును ఇంతగా తలచుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారని రాశారు. ఇప్పుడు ఎక్కడ మాట్లాడడానికి పిలిచినా ముందు ఆయన పేరే చెబుతాను. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు కొడతారు. పోయిన నెల ఒక అమ్మాయి వచ్చి నా చేతులు పట్టుకుని, 'ఎంత పెద్ద మనసు మేడమ్ మీది' అంది. కళ్లలో నీళ్లు. కాదమ్మా అని చెప్పాలి. చెప్పలేదు. ఆయన పేరు చెప్పినందుకు దొరికిన ఆ మెప్పును కూడా నేనే తీసుకుని ఇంటికొచ్చాను.