తాతయ్య ఒప్పుకున్న ఒకే ఒక తప్పు

మా తాతయ్య జీవితంలో తప్పు చేయలేదు. ఆయన చేతుల మీదుగా జరిగిన తప్పులన్నీ వేరేవాళ్ళవి. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటే దర్జీది తప్పు. కూరలో రెండుసార్లు ఉప్పు వేస్తే ఉప్పుడబ్బాది తప్పు. మేకు వంకరగా దిగితే, ఎప్పుడో పోయిన తాపీమేస్త్రీని లేపి మరీ తిట్టేవాడు.

గడియారాలు బాగుచేసే పని మానేశాక ఆయనకు ఉపగ్రహాల పిచ్చి పట్టింది. కాలేజీ పిల్లలు తయారుచేసిన చిన్న ఉపగ్రహం ఒకటి మా మీదుగా పోతూ కీచుకీచుమని సంకేతాలు పంపేది. పది నిమిషాల్లో అది ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు దాటేస్తుంది. అంతసేపూ యాంటెన్నా దానివైపే తిప్పుతూ ఉండాలి. మేడ మీద నిలబడి తిప్పేది అమ్మమ్మ. కుర్చీలో కూర్చుని రేడియోలో వినేది తాతయ్య.

"పైకెత్తు. ఇంకా పైకి. నీ చెయ్యి ఊగితే దానికి మనం కనపడం."

"అది మనల్ని చూడ్డానికొస్తోందా ఏంటండీ?"

అలా అనేదే గాని, ఆ కీచుశబ్దమంటే అమ్మమ్మకు ప్రాణం. "వచ్చిందండీ మన పిల్ల" అనేది.

తర్వాత ఆమె కుడిభుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు.

"నీ గురి ఏనాడూ కుదరలేదు. ఇక మిషను పెడతాను" అన్నాడు తాతయ్య.

బజార్లో కొనే మిషన్ల ధర వింటేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని పాతకార్ల అద్దాలు తుడిచే మోటార్లు రెండు తెచ్చాడు. ఒకటి యాంటెన్నాను చుట్టూ తిప్పడానికి, ఒకటి పైకీ కిందికీ ఎత్తడానికి. ఫోటోలవాళ్ళ మూడుకాళ్ళ స్టాండు మీద వాటిని బిగించాడు. మొత్తం విప్పితే కూరగాయల సంచిలో పట్టేది.

మొదటిరోజు ఉపగ్రహం తూర్పున వస్తే మిషను పడమటికి తిరిగింది.

"వైర్లు తారుమారయ్యాయేమో తాతయ్యా."

"వైర్లు బాగానే ఉన్నాయి. ఆ మోటారుకే దిక్కులు తెలీవు."

రెండోరోజు అది తిరిగి తిరిగి పక్కింటి వంటగదికి గురిపెట్టి ఆగిపోయింది. పక్కింటావిడ ధడేలున కిటికీ మూసింది.

"చూశావా, ఆవిడ అడ్డొచ్చింది."

నెల తిరిగేసరికి మిషను దారిలో పడింది. ఉపగ్రహమేమో కిందికి జారుతోందని, రెండు రోజుల్లో గాలిలోనే కాలిపోతుందని తెలిసింది. శనివారం సాయంత్రం మేము వినేదే ఆఖరు. ఈసారి కుర్చీలో అమ్మమ్మ కూర్చోవాలన్నాడు తాతయ్య.

ఆ మధ్యాహ్నం మేడ మీద చుట్టలు చుట్టలుగా పడి ఉన్న యాంటెన్నా వైరు కాలికి తగిలి రెండుసార్లు పడబోయాను. రేడియో రెండడుగుల దూరంలో ఉంటే ఇంత వైరెందుకని, మధ్యలో చాలా ముక్క కోసి తీసేసి, కొసలు కలిపి టేపు చుట్టాను. చదువు మధ్యలో మానేసినా నాలో ఒక ఇంజనీరు ఉందని మురిసిపోయాను. యాంటెన్నా తిరిగేకొద్దీ వైరు స్టాండుకు చుట్టుకుంటుందని, ఆ మిగులు అందుకేనని ఆ ఇంజనీరుకు తట్టలేదు.

సాయంత్రం ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మమ్మ చెవుల్లో అది కీచుమంది. "వచ్చిందండీ..." అని ఆమె అంటూ ఉండగానే వైరు బిగిసింది. స్టాండు బోర్లాపడింది. యాంటెన్నా రెండుగా వంగింది. ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు.

తాతయ్య వైరు ఎత్తి టేపు చూశాడు. నన్ను చూశాడు. నా మీద పడబోయే తిట్లకు తల వంచుకున్నాను.

"తప్పు నాదే" అన్నాడు. "వైరు పొట్టిగా వేశాను."

అమ్మమ్మ చెవుల్లోవి పీకేసింది. "ఏమన్నారు?"

"వైరు పొట్టిగా..."

"దానికి ముందు."

"తప్పు నాదే."

మూడుసార్లు అనిపించింది. పక్కింటావిడను పిలిచి ఆవిడ ముందు నాలుగోసారి అనిపించింది.

నేను నోరు విప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. తాతయ్య ఆ తర్వాత ఆరేళ్ళు ఉన్నాడు. ఆరేళ్ళలో ఆ రేపు రాలేదు. ఆయన పోయాక ఉండబట్టలేక అమ్మమ్మకు చెప్పాను.

"ఆ వైరు కోసింది నేనే."

"తెలుసులే. ఆ రోజు నీ మొహం చూసి పక్కింటావిడే కనిపెట్టేసింది."

"మరి చెప్పలేదేం?"

"యాభై ఏళ్ళు కాపురం చేస్తే ఆయన నోట ఒక్కసారి వచ్చిందే ఆ మాట" అంది అమ్మమ్మ. "తప్పెవరిదైతే నాకేం?"