కింద తిమ్మిరి

నాన్నది రైల్వే ఉద్యోగం. నేను బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగి, ఇక్కడే ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో డాక్టరునయ్యాను. నడుం నొప్పంటూ వచ్చే రైల్వే వాళ్లంటే నాకు చులకన. సెలవు కోసం సిక్ సర్టిఫికెట్ రాయించుకోవడానికే వస్తారనుకునేవాణ్ణి.

ఒక సోమవారం ఉదయం ఊళ్లోని లింగియాడీహ్ బస్తీ నుంచి ఒక తెలుగామె వచ్చింది. యాభైకి దగ్గర్లో ఉంటుంది. పట్టాల మీద గ్యాంగు పని. రెండు రోజుల కిందట బరువెత్తుతుంటే నడుం పట్టేసిందట. నేనూ తెలుగువాణ్ణేనని తెలియగానే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

"నడుం ఒకటే కాదు బాబూ, కింద తిమ్మిరిగా ఉంది," అంది గొంతు తగ్గించి.

"కాళ్ల తిమ్మిర్లు మామూలేనమ్మా," అన్నాను.

ఆమె కాళ్లని అనలేదు. ఇంకేదో చెప్పబోయి, పక్క మంచం మీది మగమనిషిని చూసి ఆగిపోయింది. నేను తెర లాగలేదు. కాలు ఎత్తించి చూడలేదు. మూత్రం సంగతి అడగలేదు. నొప్పికి ఇంజెక్షన్ ఇప్పించి పంపేశాను. ఆమె గుమ్మం దాటకముందే నర్సుతో హిందీలో, "సిక్ కావాలి, అంతే," అని నవ్వాను. ఆమె ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆమెను కూతురు ఆటోలో తీసుకొచ్చింది. చీర తడిసి ఉంది. నర్సు తెర లాగి, వంగి మెల్లగా అడిగింది. ఆమె నావైపు చూడకుండా తెలుగులో చెప్పింది: "నిన్న పొద్దుట్నించీ ఒంటేలు వత్తన్నట్టే తెల్దు."

స్కానింగులో తేలింది. వెన్నులో డిస్కు జారి, మూత్రాన్ని అదుపు చేసే నరాలను నొక్కేస్తోంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. జరగాల్సింది ముందు రోజు.

వారానికి ఆమె నడిచింది. మూత్రం మాత్రం అదుపులోకి రాలేదు. నెలలు గడిచిన ఈనాటికీ గొట్టంతోనే తీసుకోవాల్సి వస్తోంది. అప్పట్లో డిశ్చార్జి రోజున ఆమె మంచం పక్కన కూర్చుని, "ఆరోజు నేను అడగాల్సిందమ్మా. తప్పు నాదే," అన్నాను.

"నాను సెప్పాను కదా బాబూ," అంది. గొంతులో కోపం లేదు. "సిక్కు కోసం రాలేదు నాను. డూటీకి ఎల్దామనే వచ్చాను."



ఇప్పుడు నడుం నొప్పితో ఎవరొచ్చినా తెర లాగి అన్నీ అడుగుతాను. "ఏటి బాబూ ఆ ప్రశ్నలు?" అని కొందరు విసుక్కుంటారు. ఈ మాట ఆమెకు చెబుదామని రెండుసార్లు ఫోన్ తీశాను. చెయ్యలేదు.