అరకులో తీసెయ్యమన్న చుక్కలు

ఉదయం ఏడు కొట్టకముందే విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కాం, నేనూ నా శిష్యురాలు కుమారీ. అరకులో రెండు రోజుల సదస్సు. వెంట్రుక కన్నా సన్నని గొట్టాల్లో గాలి ఎలా నడుస్తుందో లెక్కగట్టేవాళ్లందరూ వస్తారు. సాలూరు పిల్ల కుమారి మా ల్యాబులో రెండేళ్లు ఆ గాలిని కొలిచింది. నలుగురి ముందు చెప్పడం ఇదే మొదలు. మీరు వెళ్తే రిజర్వేషన్ చేయించుకోండి, కొత్తవలస దాటేదాకా జనరల్ పెట్టెలో కాలు మోపలేం.

ఎదుటి సీట్లో అరకు సంతకెళ్తున్న ఒకావిడ అడిగింది. "గాలిని కొలుత్తావా గుంటా? ఎలాగేటి?"

"పెట్టి నిండా జనముంటే ఒకలినొకలు గుద్దుకుంటాం కదా అత్తా. ఇద్దరే ఉంటే గోడల్ని గుద్దుకుంటాం. సన్న గొట్టంలో గాలీ అంతే. గోడ ఎలాటిదో తెలీకుండా లెక్క తేలదు" అంది కుమారి. ఆవిడ నవ్వి జంతికలు చేతిలో పెట్టింది. శృంగవరపుకోట దాటాక సొరంగాలు, లోయలు. పదకొండు కావస్తుండగా అరకులో దిగి, ఆటోలో లాడ్జికి చేరాం. బొంగులో చికెన్ బాగుంది. ఆ ఊళ్లో మాకు జరిగినవాటిలో బాగున్నది అదొక్కటే.

మధ్యాహ్నం కుమారి వంతు. మా లెక్కల్లో గోడకో అంకె ఉంటుంది. గాలి అణువు గోడకు తగిలాక వచ్చిన దారిని ఎంత మరిచిపోతుందో చెప్పే అంకె. పూర్తిగా మరిచిపోతుందని అందరూ ఒకటి వేస్తారు. ఎందుకంటే అందరూ వేస్తారు గనక! నున్నటి గోడ దగ్గర అది ఒకటి కన్నా తక్కువని కుమారి కొలిచి తేల్చింది. తెర మీది గ్రాఫులో ఆమె కొలతల చుక్కలు, ఒకటి వేసి వాళ్లు గీసిన గీతకు పైనే నిలిచాయి.

అధ్యక్ష స్థానంలోని పెద్దాయన కళ్లద్దాలు తీశాడు. "అమ్మాయీ, గీతకు దూరంగా ఉన్న చుక్కలు తీసెయ్యి. అప్పుడు నీ వ్యాసం సదస్సు సంపుటిలో వేస్తాం."

"నాను కొలిసినవి ఆ సుక్కలే సార్. గీత మీరు గీసింది."

ఆమె యాసకు హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి, "ఇక్కడ గోడను కొలిచినవాళ్లెవరో చెయ్యెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. టీ విరామం ప్రకటించారు. బిస్కెట్లు మాత్రం అందరూ ఎత్తారు. చుక్కలు తీయనంది కుమారి, సంపుటిలోంచి ఆమె వ్యాసం తీసేశారు.

మర్నాడు సాయంత్రం తిరుగు బండి. శిమిలిగుడ స్టేషను దాటాక ఒక కుర్ర ఇంజనీరు మా దగ్గరికొచ్చాడు. హాల్లో వెనక వరసలో అతన్ని చూశాను. కుమారి వైపు తిరిగాడు.

"మేడమ్, మాది సన్న గొట్టాలతో ఊపిరి కొలిచే మిషన్ల కంపెనీ. విశాఖలో సరిగ్గా చూపించేవి మన్యం ఆసుపత్రుల్లో తప్పు చూపిస్తున్నాయి. కొండ మీద గాలి పలచన, గోడ వంతు ఇంకా ఎక్కువ. మేమూ గోడ అంకె ఒకటే వేశాం. నర్సులకి వాడటం రాదని నెపం వాళ్ల మీద పెట్టాం. మీ చుక్కలిస్తారా?"

"హాల్లో నోరు పడిపోయిందా?" అని అరిచాను.

"మా బాసు పక్కనే ఉన్నారు సార్" అని తల దించుకున్నాడు.

కుమారి ఒళ్లోని ల్యాప్‌టాప్ మూసింది. "ఇత్తాను. ముందు మీ బాసుకి ఫోన్ సెయ్యండి. ఆ నర్సులది తప్పు కాదని సెప్పండి."

సొరంగాల్లో సిగ్నల్ లేదు. శృంగవరపుకోట వచ్చేదాకా అతను పెట్టె చివర మా సీటు పక్కనే ఫోన్ చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. సిగ్నల్ రాగానే చేశాడు. "సార్, నర్సుల తప్పు కాదు. మన గోడ అంకే తప్పు. ఎవరో రీసెర్చి అమ్మాయి కొలిచిందట..."

కుమారి అతని చొక్కా చెయ్యి పట్టి లాగింది. "పేరు."

"కుమారి, సార్. సాలూరు కుమారి."

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచింది. అరకు అందమైన ఊరే, వెళ్లిరండి. నా కోపం మాత్రం విశాఖలో దిగాక కూడా చల్లారలేదు. అంత పెద్ద హాల్లో, మైకు ముందు పలకాల్సిన మాట రైలు పెట్టెలో మరుగుదొడ్డి తలుపు పక్కన పలికింది.